నాయనతో మబ్బుల్లేని చోటికి: ట్రోమ్సో, అబిస్కోల్లో ఐదు రాత్రులు

స్టాక్‌హోమ్‌లో ఉంటానని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "అయితే నార్తర్న్ లైట్స్ మీకు బాల్కనీలోంచే కనబడతాయా?" కనబడవు. స్టాక్‌హోమ్ 59 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. రాత్రిపూట ఆకాశంలో కదిలే ఆ రంగు వెలుగులు, అంటే ధ్రువకాంతులు, రోజూ తిరిగే దారి అక్కడికి చాలా పైన, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల నెత్తి మీద ఉంటుంది. ఆరేళ్లలో నేను ఇంటి దగ్గర చూసింది రెండే సార్లు. అదీ ఉత్తరాన చెట్ల మీద, ఎవరో లేత ఆకుపచ్చ రంగు పూసి సగం తుడిచేసినట్టు.

మొన్న ఫిబ్రవరిలో నాయన వచ్చాడు. మాది అనంతపురం జిల్లా, రాయదుర్గం దగ్గర ఒక పల్లె. ఆయన నలభై ఏళ్లు చెనిక్కాయ పంట వేసిన మనిషి. అమ్మ రాలేదు. "ఇద్దరం వస్తే ఎనుముల్ని ఎవరు చూస్తారు?" అంది. మార్చి మూడో వారంలో ఐదు రోజులు సెలవు పెట్టి ఆయన్ని ఉత్తరానికి తీసుకెళ్లాను.

మార్చే ఎందుకని ఆఫీసులో కూడా అడిగారు. ఈ వెలుగులకు సీజన్ ఆగస్టు చివర మొదలై ఏప్రిల్ మొదటి వారంతో ముగుస్తుంది. ఎండాకాలంలో కూడా అవి వస్తూనే ఉంటాయి గానీ, ఆకాశం చీకటి పడదు కాబట్టి కనబడవు. నార్వేలోని ట్రోమ్సోలో మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించడు. నవంబరు 27 నుంచి జనవరి 15 దాకా అసలు ఉదయించడు. డిసెంబరులో చీకటి దండిగా దొరుకుతుంది గానీ, పగటిపూట పెద్దాయనతో ఏం చేయను? మార్చిలో పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు. పైగా మార్చిలోనూ సెప్టెంబరులోనూ, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టుపక్కల, భూమి వంపు సూర్యుడి నుంచి వీచే కణాల గాలికి అనువుగా కుదిరి ధ్రువకాంతులు ఎక్కువగా వస్తాయి. ఇవన్నీ లెక్కేసి టికెట్లు కొన్నాను. మబ్బుల సంగతి మాత్రం లెక్కలో వేయలేదు. ఆ మాట నాయన మొదటి రోజే పట్టుకున్నాడు.

మొదటి రోజు: ట్రోమ్సో

ఓస్లోలో విమానం మారి మధ్యాహ్నానికి దిగాం. ట్రోమ్సో ఒక దీవి మీద ఉన్న ఊరు. అక్షాంశం 69 డిగ్రీల పైమాటే. అంత ఉత్తరాన ఉన్నా సముద్రం గడ్డకట్టదు, అట్లాంటిక్‌లోంచి వచ్చే వెచ్చటి నీటి ప్రవాహం పుణ్యమా అని. ఆ రోజు మైనస్ రెండే ఉంది. ఊరి కింద కొండని తొలిచి సొరంగాలు వేశారు. ఆ సొరంగాల లోపలే రౌండబౌట్లు కూడా ఉన్నాయి. బస్సు చీకట్లో చుట్టు తిరుగుతుంటే నాయన నా చెయ్యి పట్టుకుని "ఇది సర్కిలా? భూమి లోపలా?" అన్నాడు. తర్వాత మూడు రోజులూ ఆయనకు అన్నిటికంటే బాగా నచ్చింది అదే.

సాయంత్రం నుంచి మంచు మొదలైంది. సన్నగా కాదు, దూదేకినట్టు. ఫోన్లో ధ్రువకాంతుల అంచనా చెప్పే అరోరా యాప్ మాత్రం ఎర్రటి అక్షరాలతో 'కేపీ 5' అని చూపిస్తోంది. కేపీ అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కుదుపుకు లోనైందో చెప్పే కొలత. 0 నుంచి 9 దాకా ఉంటుంది. ఐదంటే చిన్నపాటి తుఫాను. నేను గుమ్మం దగ్గర నిలబడి ఫోన్ వైపు, ఆకాశం వైపు మార్చి మార్చి చూస్తూ టెన్షన్ పడిపోతున్నాను.

"ఏముంది పాపా అందులో?"

"ఈరోజు బాగా వస్తాయంట నాయనా."

ఆయన తల పైకెత్తి ఒక్క నిమిషం చూశాడు. "పైన ఏమొస్తే మనకేం? ఈ మబ్బు పొద్దున దాకా కదల్దు. పడుకుందాం పా."

కదల్లేదు.

ఇక్కడికి వచ్చే చాలామంది చేసే తప్పే నేనూ చేశాను. కేపీ అంకె పెద్దదిగా ఉండాలని ఆశపడటం. భూమి అయస్కాంత ధ్రువం చుట్టూ ఉంగరంలా ఒక వలయం ఉంటుంది. ధ్రువకాంతులు పుట్టేది ఆ వలయంలోనే. ట్రోమ్సో సరిగ్గా ఆ వలయం కింద ఉంది. కాబట్టి కేపీ ఒకటో రెండో ఉన్నా ఇక్కడ కనబడతాయి. అంకె పెరిగే కొద్దీ వలయం ఉబ్బి దక్షిణానికి జరుగుతుంది. స్టాక్‌హోమ్‌లో ఉన్నవాడికి ఐదో ఆరో కావాలి. 2024 మే 10 రాత్రి వచ్చిన పెద్ద తుఫానుకు ఆ వలయం ఎంతగా జరిగిందంటే, మన లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న ఖగోళ పరిశోధన కేంద్రం కెమెరాల్లో కూడా ఆకాశం అంచున ఎర్రటి వెలుగు పడింది. ఎరుపే ఎందుకంటే, వెలుగు తెరలో పైభాగం ఎరుపు, కిందిభాగం ఆకుపచ్చ. అంత దూరం నుంచి చూస్తే భూమి వంపు కిందిభాగాన్ని దాచేస్తుంది. పొలిమేరలోంచి చూసినప్పుడు గుడి కనబడదు, కలశం కనబడుతుంది కదా, అలాగన్నమాట.

ట్రోమ్సోకి వచ్చాక మాత్రం చూడాల్సింది కేపీని కాదు, మబ్బుల మ్యాపుని. నాయనకు ఆ ముక్క ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

రెండో రోజు: కేబుల్ కారు, ఆ తర్వాత మూడొందల కిలోమీటర్లు

పొద్దున కాస్త తెరిపిచ్చింది. ఫుట్‌పాత్‌ల మీద మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి అద్దంలా ఉంది. ఇక్కడ ముసలివాళ్లంతా బూట్లకి ముళ్లున్న రబ్బరు తొడుగులు వేసుకుని టకటకమని నడిచిపోతున్నారు. మేమూ రెండు జతలు కొన్నాం. ఇవి లేకుండా మార్చిలో ట్రోమ్సో వద్దు. స్వెటర్ తక్కువైనా పర్లేదు.

వంతెన దాటి, తెల్లటి త్రికోణాల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినట్టుండే ఆర్కిటిక్ క్యాథెడ్రల్ చూశాం. 1965లో కట్టారట. కేబుల్ కారులో 421 మీటర్ల ఎత్తుకి ఎక్కితే ఊరంతా కాళ్ల కింద. దీవి, చుట్టూ నల్లటి నీళ్లు, ఆ వెనక తెల్లటి కొండలు. నాయన మాత్రం పడమర వైపే చూస్తున్నాడు. "మబ్బు సముద్రం మీంచి వస్తాంది. ఈ కొండలకి తగిలి ఇక్కడే దించుతాంది. కొండల అవతలకి పోతే ఉండదు" అన్నాడు.

సాయంత్రం ఆరింటికి మినీ బస్సు ఎక్కాం. 'అరోరా ఛేజ్' అంటారు. వెలుగుల్ని తరుముతూ పోవడం అని పేరుకి, నిజానికి తరిమేది మబ్బులేని చోటుని. మనిషికి మన రూపాయల్లో పదివేలు దాటింది. గైడ్ అమ్మాయి డ్రైవర్ పక్కన కూర్చుని ఉపగ్రహం ఫొటోలు చూస్తూ ప్రకటించింది: "తీరమంతా మబ్బే. లింగెన్ కొండలు దాటి షీబోటన్ వైపు వెళ్తున్నాం. ఆ లోయలో వాన తక్కువ. యూనివర్సిటీవాళ్లు టెలిస్కోపు కూడా అక్కడే పెట్టుకున్నారు. అక్కడా మబ్బుంటే ఫిన్లాండ్‌లోకి పోతాం. పాస్‌పోర్టులు ఉన్నాయా?"

నేను అనువదించి చెప్పాను. నాయన ఏమీ అనలేదు. సీట్లో కాస్త నిటారుగా కూర్చున్నాడంతే.

రెండున్నర గంటలు. షీబోటన్ దాటి, ఘాట్ ఎక్కి, సరిహద్దు దాటి, ఫిన్లాండ్‌లో కిల్పిస్‌యార్వి అనే ఊరి దగ్గర గడ్డకట్టిన చెరువు ఒడ్డున ఆపారు. మైనస్ పద్నాలుగు. పైన చుక్కలు. మా ఊళ్లో వేసవి రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు కనబడేన్ని చుక్కలు. ధ్రువ నక్షత్రం మాత్రం మనకు ఉత్తరాన చెట్టు కొమ్మ ఎత్తులో ఉంటుంది, ఇక్కడ దాదాపు నడినెత్తిన ఉంది. దాని కోసం నాయన మెడ విరిచి వెతుక్కోవాల్సి వచ్చింది.

గంటసేపు ఏమీ లేదు. జేబులో పెట్టుకున్న చెనిక్కాయ ఉండలు రాళ్లయిపోయాయి. కొరికితే పన్ను పోయేలా ఉంది. అప్పుడు గైడ్ చెయ్యి చూపించింది. ఉత్తరాన, కొండ మీద, అడ్డంగా ఒక బూడిద రంగు చార. అందరూ "ఓ" అన్నారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి.

నాయన నా చెవిలో, "అది మబ్బు గదా పాపా?"

నాకూ అలాగే అనిపించింది. కానీ ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి నైట్ మోడ్‌లో మూడు సెకన్లు ఉంచితే తెర మీద చక్కటి ఆకుపచ్చ వచ్చింది. ఆయన ఫోన్ వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "ఇది అబద్ధం" అన్నాడు, ఫోన్‌ని చూపించి.

అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. తక్కువ వెలుతురులో మన కంటికి రంగు తెలియదు. చీకట్లో పనిచేసే కణాలు నలుపు తెలుపులే చూస్తాయి. కెమెరాకి ఆ ఇబ్బంది లేదు, సెకన్ల తరబడి వెలుగుని పోగు చేసుకుంటుంది. సోషల్ మీడియాలో చూసే ఫొటోల్లో సగం ఇలాంటి రాత్రులవే. రంగులు చూసి వచ్చినవాళ్లు బూడిద చార చూసి నిరాశపడేదీ ఇక్కడే. వెలుగు బలంగా ఉన్నప్పుడు మాత్రం మామూలు కంటికి కూడా ఆకుపచ్చ స్పష్టంగా కనబడుతుంది. ఆ రాత్రి బలం లేదు. పదకొండున్నరకి నా ఫోన్ చలికి చచ్చిపోయింది. ఛార్జింగ్ నలభై శాతం ఉండగానే. ఆ తర్వాత తెలిసింది, ఫోన్‌ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలట.

తెల్లవారుజామున రెండింటికి గదికి చేరాం. పదివేలు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు. నాయన గురక పెట్టాడు.

మూడో రోజు: ట్రోమ్సోలో వాన

మంచు కూడా కాదు, వాన. మార్చిలో ఉత్తర ధ్రువవలయం లోపల వాన పడుతుందని నేను అనుకోలేదు. గదిలోనే ఉండి, ఆయన అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతూ గడిపాను.

"ఇంతకీ అది ఏం మంట?"

మంట కాదన్నాను. సూర్యుడి నుంచి ఎప్పుడూ కణాల గాలి వీస్తూ ఉంటుంది. ఒక్కోసారి సూర్యుడి మీంచి పెద్ద పెళ్ల ఊడినట్టు ఒక్కసారిగా వస్తుంది. భూమిని చేరడానికి ఒకటి నుంచి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ కణాలు తిన్నగా వచ్చి మన గాలికి తగిలి వెలుగుతాయని చాలాచోట్ల రాస్తారు. జరిగేది అంత తిన్నగా కాదు. ఆ గాలి భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రి వైపుకి తోకలా సాగదీస్తుంది. సాగీ సాగీ ఒక చోట తెగి, మళ్లీ అతుక్కుని, లోపల ఉన్న ఎలక్ట్రాన్లని భూమి వైపు విసురుతుంది.

"ఉండేలు రబ్బరు సాగదీసి వదిలినట్టు."

"అంతే నాయనా." జొన్న చేలో పిట్టల్ని తోలిన మనిషికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. ఆ ఎలక్ట్రాన్లు నూరు కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌కి తగిలితే ఆకుపచ్చ. రెండొందల కిలోమీటర్లు దాటిన ఎత్తులో అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. బాగా కిందికి దూసుకొస్తే నైట్రోజన్ వల్ల అంచున గులాబీ, ఊదా.

దీన్ని మొదట సరిగ్గా ఊహించింది నార్వే మనిషే, క్రిస్టియన్ బిర్కలాన్. 1899లో ఆల్టా దగ్గర హాల్డె అనే కొండ కొమ్మున ఒక పరిశీలన కేంద్రం కట్టించి, శీతాకాలమంతా తన బృందంతో అక్కడే ఉన్నాడు. వాళ్లలో ఒక విద్యార్థి మంచు విరిగిపడి చనిపోయాడు. తర్వాత ప్రయోగశాలలో గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంతపు గోళాన్ని పెట్టి, దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలి, చిన్న ధ్రువకాంతుల్ని పుట్టించి చూపించాడు. ఆకాశంలో కరెంటు పారుతోందని ఆయన అంటే అప్పటి పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన 1917లో చనిపోయాడు. ఆయన మాట నిజమని ఉపగ్రహాలు తేల్చింది 1960లు, 70లలో. తర్వాత నార్వేవాళ్లు ఆయన బొమ్మని 200 క్రోనర్ల నోటు మీద వేశారు. ఇప్పుడు ఆ నోటు మారిపోయింది, దాని మీద కాడ్ చేప ఉంది.

నాయనకి ఇంకో సంగతి నచ్చింది. మనకూ సూర్యుడికీ మధ్య, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 అనే చోటు ఉంది. అక్కడ కాపలా ఉన్న ఉపగ్రహాల్ని దాటాకే సూర్యుడి గాలి మనకు చేరుతుంది. అంటే అరగంట, గంట ముందు కబురు అందుతుంది. ఆ గాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉంటే భూమి తలుపు తెరుచుకుంటుంది, ఉత్తరం వైపు ఉంటే మూసుకుంటుంది. కేపీ కంటే ఇది చూడటం మేలు. మన ఆదిత్య ఎల్1 కూడా 2024 జనవరి నుంచి అక్కడే ఉంది.

"శ్రీహరికోటలో వదిలిందేనా?"

"అదే, 2023 సెప్టెంబరులో."

"అయితే గాలి తిరిగితే మనోళ్లకి ముందే తెలుస్తాదన్నమాట" అని కిటికీలోంచి వానని చూస్తూ కూర్చున్నాడు. జూన్‌లో నైరుతి గాలి తిరిగిందా లేదా అని రేడియోకి చెవి ఒగ్గి కూర్చునే మనిషి గుర్తొచ్చాడు నాకు.

నాలుగో రోజు: రైలు, కొండ, అబిస్కో

పొద్దున బస్సెక్కి నాలుగు గంటలకు పైగా ప్రయాణం చేసి నార్విక్ చేరాం. అక్కడ రైలు. స్వీడన్‌లో కిరునా గనుల్లోంచి ఇనుప ఖనిజాన్ని నార్విక్ రేవుకి దించడానికి వేసిన లైను ఇది. 1903లో ప్రారంభమైంది. మా రైలు ఆగి దారిచ్చినప్పుడు ఎదురుగా ఖనిజం బండి వచ్చింది. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టిన నాయన అరవై దాటాక వదిలేశాడు. మా రాయదుర్గం వైపు వాళ్లకి ఇనుప ఖనిజమంటే ఓబుళాపురం, ఇంటి ముందున్న వేపచెట్టు కూడా ఎర్రబడిపోయేంత లారీల దుమ్ము. "ఇక్కడ దుమ్మే లేదే" అన్నాడు. అంతా మంచు కింద ఉంది మరి.

రైలు కొండ అంచున ఎక్కుతూ ఉంటే కింద సముద్రపు పాయ చిన్నదవుతూ పోయింది. నార్విక్‌లో బూడిద రంగు ఆకాశం. సరిహద్దు దగ్గర రిక్స్‌గ్రాన్‌సెన్‌లో మంచు తుఫాను, స్టేషను బోర్డు కూడా కనబడలేదు. ఇంకో అరగంట పోయాక, ఎవరో దుప్పటి లాగేసినట్టు మబ్బు అయిపోయింది. కొంచెం కొంచెంగా కాదు, ఒక గీత దగ్గర అయిపోయింది. ఎదురుగా తెల్లటి చెరువు, దాని మీద నీలం.

నాయన సీట్లోంచి లేచి నిలబడ్డాడు. "చెప్తిని గదా. కొండలకి ఇవతల వాన నీడ."

సముద్రం నుంచి వచ్చే తేమంతా నార్వే వైపు కొండల మీదే రాలిపోతుంది. ఇవతల ఉన్న అబిస్కోకి మిగిలేది తక్కువ. ఏడాదికి వానా మంచూ కలిపి 300 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. స్వీడన్‌లో అతి తక్కువ వర్షం పడే చోట్లలో ఇదొకటి. టోర్నెట్రాస్క్ అనే డెబ్భై కిలోమీటర్ల చెరువు పైన, చుట్టూ మబ్బున్నా, ఇక్కడ మాత్రం ఆకాశం తెరిచి ఉంటుందని దీనికి 'బ్లూ హోల్' అని పేరు పెట్టారు. ధ్రువకాంతుల వలయం కింద ఉన్న ఊళ్లు చాలానే ఉన్నాయి. ఫిన్లాండ్‌లో రోవానియేమి, కెనడాలో యెల్లోనైఫ్, అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్, ఐస్‌లాండ్ మొత్తం. అందరి నెత్తినా అదే వెలుగు. తేడా మబ్బుల్లోనే ఉంది.

"మూడొందలా?" నాయన నమ్మలేదు. "మనకే ఐదొందల యాభై పడుతుంది గదా!"

అది అనంతపురం లెక్క. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని అవతలే దింపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు మా దాకా వచ్చేసరికి నీరసించిపోతాయి. చిన్నప్పుడు ఐదో తరగతి పుస్తకంలో 'వర్షచ్ఛాయా ప్రాంతం' అన్న మాట మా టీచర్ నల్లబల్ల మీద రాస్తే, అది మా జిల్లాకి పెట్టిన ఇంకో పేరనుకున్నాను.

అబిస్కో ఊరు చిన్నది. ఒక కొట్టు, కొన్ని ఇళ్లు, కుక్కల బండ్లు. మేం దిగింది వంటగది ఉన్న గది. కుక్కర్‌లో అన్నం, పెసరపప్పు చేసి, వేరుశనగ పొడి వేసుకుని తిన్నాం. ఎనిమిదింటికి బట్టల మీద బట్టలు వేసుకుని చెరువు గట్టుకి నడిచాం. ఊరి దీపాలు వెనక్కి వెళ్లేదాకా పది నిమిషాలు చాలు. మైనస్ పదిహేను. గాలి లేదు.

తొమ్మిది దాటాక ఉత్తరాన మొన్నటి చారే వచ్చింది. నాయన ఏమీ అనలేదు. నేనూ ఫోన్ తీయలేదు.

తొమ్మిది నలభైకి ఆ చార ఆకుపచ్చగా మారింది. ఈసారి కంటికే. తర్వాత అడుగు భాగం ముడతలు పడింది, గాలికి ఆరేసిన చీర కుచ్చెళ్లలా. ఒక చివర నుంచి ఇంకో చివరకి ఏదో పరుగెత్తింది. అంత పెద్దది ఆకాశంలో అంత వేగంగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. మేఘం ఎంత తొందరగా కదిలినా దానికి ఒక బరువుంటుంది. దీనికి లేదు. తూర్పు నుంచి పడమర దాకా రెండు మూడు తెరలు, అవి మా మీదికే వచ్చి, నడినెత్తిన ఒక చోట నుంచి అన్ని వైపులకూ కిరణాలు చిమ్మాయి. కింది అంచున గులాబీ రంగు వచ్చి పోయింది, వచ్చి పోయింది. మంచు మీద మా నీడలు కాదుగానీ, మా చేతులు ఆకుపచ్చగా కనిపించాయి. నేను అరిచాను. ఎందుకు అరిచానో నాకే తెలియదు.

నాయన అరవలేదు. టోపీ పైకి లాగి, చెవి తెరిచి పెట్టి నిలబడ్డాడు. కాసేపటికి, "చప్పుడు లేదే" అన్నాడు.

నలభై ఏళ్లలో ఆకాశం ఇంత వెలిగితే వెనకే ఉరుము రావాలి ఆయనకి. నూరు కిలోమీటర్ల పైన గాలే సరిగా ఉండదు, ఇంక చప్పుడేం దిగి వస్తుంది? ఆయన మాత్రం చాలాసేపు చెవి తెరిచే ఉంచాడు. తర్వాత, "మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అన్నాడు.

"ఇప్పుడు అక్కడ రాత్రి రెండుంబావు నాయనా."

"చెయ్యి."

వీడియో కాల్. పది రింగులకి ఎత్తింది. తెర మీద చీకటి, అందులోంచి అమ్మ గొంతు: "ఏమైంది? ఆయనకేమైంది?"

"నాకేం కాలా. ఇది చూడు" అని నా ఫోన్ లాక్కుని ఆకాశం వైపు పెట్టాడు. అమ్మకు ఏం కనబడిందో ఏమో. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇద్దరినీ కలిపి తిట్టింది. అర్ధరాత్రి ఫోన్ వస్తే మనిషి గుండె ఆగిపోదా అని. నాయన తిట్లు తింటూనే ఫోన్‌ని పైకే పట్టుకుని ఉన్నాడు.

మొత్తం పన్నెండు నిమిషాలు. తర్వాత తెరలు చిరిగిపోయి ఆకాశమంతా మసక మచ్చలు మిగిలాయి. అవి ఆరుతూ వెలుగుతూ, ఊపిరి తీసుకుంటున్నట్టు, పదకొండు దాకా ఉన్నాయి. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్యలో ఎక్కువగా వస్తాయంటారు. పొద్దు గుంకగానే వచ్చి, రాలేదని పదింటికి వెళ్లిపోయేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఐదో రోజు: చెరువు మీద నడక

మంచు మీద ఎండ పడితే కళ్లు తెరవలేం. నల్లద్దాలు పెట్టుకుని గడ్డకట్టిన చెరువు మీద నడిచాం. దక్షిణాన రెండు కొండల మధ్య గిన్నె అంచులా వంగిన లోయ కనబడుతుంది, లాపోర్టెన్ అంటారు. లాప్‌లాండ్ వాకిలి అని అర్థం. దారిలో ఒక సామీ ఆయన రెయిన్‌డీర్‌కి మేత వేస్తూ కనబడ్డాడు. సామీలు ఇక్కడి మూలవాసులు. వాళ్ల భాషలో ఈ వెలుగుల పేరు గువొవ్సహస్. అవి ఆకాశంలో ఉన్నప్పుడు ఈల వేయకూడదని వాళ్ల పెద్దలు పిల్లల్ని మందలించేవారట, మనం చవితి చంద్రుణ్ణి చూడొద్దన్నట్టు. ఫిన్లాండ్‌వాళ్లు వీటిని నక్క మంటలంటారు. నక్క మంచు మీద పరుగెడుతూ తోకతో కొడితే రవ్వలు లేచాయని కథ.

నాయనకి కథల కంటే లెక్కలు కావాలి. "ఇక్కడ పంటేం పండదు. వాన లేదు. అయినా గది అద్దె రోజుకి ఎంతన్నావు?"

చెప్పాను.

"వాన పడదని ఇంత డబ్బిచ్చి వస్తారా జనం?"

"వాన పడదనే వస్తారు నాయనా."

ఆయన ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. మంచుని బూటు ముళ్లతో గీకుతూ. తర్వాత నవ్వాడు. మామూలుగా నవ్వే మనిషి కాదు. "మనూళ్లో ఒక బోర్డు పెడదాం పా" అన్నాడు. "మబ్బు లేదు, రండి అని."

ఆ రాత్రి పదకొండు దాకా చూశాం. మసక చార తప్ప ఏమీ రాలేదు. అలసిపోయి పడుకున్నాను.

ఆరో రోజు: తిరుగు ప్రయాణం

పొద్దున లేచేసరికి నాయన బూట్లు తలుపు దగ్గర తడిగా ఉన్నాయి.

"రాత్రి బయటికి పోయినావా?"

"రెండింటికి మెలకువ వచ్చింది." మా ఊళ్లో త్రీఫేజ్ కరెంటు ఒక వారం పగలొస్తే ఒక వారం రాత్రి వచ్చేది. మోటారు వేయడానికి లేచి లేచి ఆ గంటకి మెలకువ రావడం ఆయనకి ఒంట్లో అలవాటైపోయింది. "వచ్చింది. అరగంట ఉండింది. మొన్నటి కంటే ఎర్రగా."

"నన్ను లేపలేదేం?"

"లేపుదామనుకున్నా. నిద్రపోతాంటివి."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పదివేల టూర్లు, యాప్‌లు, ఉపగ్రహం మ్యాపులు అన్నీ చూసుకున్న నేను నిద్రపోయాను. మోటారు వేయడానికి లేచినట్టు లేచిన ఆయన ఎరుపు చూశాడు. ఎలా ఉందో చెప్పమంటే, "బాగుండింది" అన్నాడు. ఇంకా అడిగితే, "కంకులు ఆరబోసినట్టుండింది" అన్నాడు. అంతకుమించి రాలేదు.

స్టాక్‌హోమ్ రైలు రాత్రంతా పోతుంది. కిరునా దాటుతుండగా అమ్మ ఫోన్. మిద్దె మీద చింతపండు ఆరబెట్టిందట, పడమర నుంచి మబ్బు పట్టుకొస్తోందట, గంగవ్వని పిలిచి దించాలా, కాసేపు చూడాలా అని అడిగింది. నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఒక్క మబ్బు తునక లేని ఆకాశం.

"పెద్ద మబ్బా?"

"పెద్దదే."

"చింతపండు తడిస్తే తడిసె" అన్నాడు. "రానీలే."